సినిమాలో నగరం, సినిమాలో లేని నంద్యాల

ఈమధ్య ఒక కథల పోటీకి వచ్చిన రాతప్రతులు చదవవలసి వచ్చింది. రాసినవాళ్లలో ఎక్కువమంది విద్యార్థులు; నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల, బనగానపల్లె ప్రాంతాలవాళ్లు. సగానికి పైగా కథలు ఒకే తీరున మొదలయ్యాయి. ఎర్రటి దుమ్ము రేపుకుంటూ నాలుగు జీపులు వస్తాయి. సంతలో జనం పరుగెత్తుతారు. తెల్లచొక్కా మనిషి ఒకడు దిగి మీసం మీద చెయ్యి వేస్తాడు. ఆ తరువాతి కథ చెప్పనక్కరలేదు. రాసినవాళ్లలో ఒక కుర్రవాడు నంద్యాల మార్కెట్ యార్డు వెనక వీధిలో పుట్టి పెరిగినవాడు, హమాలీ కొడుకు. అతని కథలో యార్డు లేదు, హమాలీ లేడు. ‘ఇది నువ్వు చూసిందేనా?’ అని అడిగాను. ‘లేదు సార్, సీమ కథంటే ఇట్లనే రాయాల కదా’ అన్నాడు.

ఆ జవాబు నన్ను చాలా రోజులు వదలలేదు. నంద్యాల చుట్టూ ఉన్న నేల చాలావరకు నల్లరేగడి. నల్లమల, ఎర్రమల కొండల నడుమ కుందూ పారే లోయ అది. కె.సి. కాలువ కింద వరి పండుతుంది. ఆ కాలువను 1860లలో ఒక ప్రైవేటు తెల్లదొరల కంపెనీ లాభాల కోసం తవ్వించి, లాభం రాకపోయేసరికి 1882లో ప్రభుత్వానికి అంటగట్టింది. అది వేరే కథ, అదీ ఎవరూ సినిమా తీయని కథే. ఇంతకూ ఆ కుర్రవాడి కథలోకి ఎర్రదుమ్ము ఎక్కడినుంచి వచ్చింది? అతని కాళ్లకు అంటింది కాదు. తెరమీదనుంచి వచ్చి పడింది. తన ఊరిని తాను చూడడానికి కూడా ఒక తరానికి సినిమావాడి కన్ను అప్పు తెచ్చుకోవలసి వస్తోందంటే, దాన్ని కేవలం సినిమా పత్రికలు మాట్లాడుకోవలసిన సంగతిగా వదిలేయడానికి వీల్లేదు. సాహిత్యకారులు మాట్లాడవలసిన సంగతి ఇది.

నగరాన్ని సినిమా ఎట్లా చూసింది అనే ప్రశ్న సినిమా అంత పాతది. 1927లో వాల్టర్ రుట్‌మన్ బెర్లిన్ నగరం మీద ఒక చిత్రం తీశాడు. తెల్లవారుజామున రైలు నగరంలోకి రావడంతో మొదలై రాత్రితో ముగుస్తుంది. చక్రాలు, కిటికీలు, కాళ్లు, యంత్రాలు, అన్నీ ఒక లయలో కదులుతాయి. చూడముచ్చటగా ఉంటుంది. కాని ఆకలితో ఉన్నవాడూ, విందుకు పోయేవాడూ ఆ లయలో సమానమైపోతారు. రెండేళ్ల తరువాత సోవియట్ దర్శకుడు జిగా వెర్తోవ్ మాస్కో, కీవ్, ఒడెస్సా వంటి నగరాల్లో తీసిన దృశ్యాలను కలిపి ఒకే నగరంగా కూర్చాడు. అక్కడా యంత్రమూ లయా ఉన్నాయి. అయితే కెమెరా పట్టుకున్న మనిషి కూడా పనిచేసేవాళ్లలో ఒకడుగా తెరమీద కనిపిస్తాడు. బొమ్మను ఎవరు తీస్తున్నారో, ఎవరు కత్తిరించి అతికిస్తున్నారో దాచడు. రుట్‌మన్‌కు నగరం ఒక వింత, వెర్తోవ్‌కు అది శ్రమ. అదే 1927లో వచ్చిన ఫ్రిట్జ్ లాంగ్ ‘మెట్రొపొలిస్’ పైన యజమానులనూ, నేలకింద కార్మికులనూ అంత కచ్చితంగా విడదీసి చూపించి, చివరికి ఇద్దరి చేతులూ కలిపి ఇంటికి పంపించింది. మన తెలుగు సినిమాల్లో ఆఖరి రీలులో మారిపోయే జమీందారుకు తాతలు జర్మనీలోనూ ఉన్నారన్నమాట.

యుద్ధం తరువాత ఇటలీలో వచ్చిన చిత్రాలతో నగరం నిజంగా మాట్లాడింది. డి సికా ‘బైసికిల్ థీవ్స్’ (1948) గురించి మన విమర్శకులు చాలానే రాశారు. నేను ఒక్క దృశ్యం దగ్గర ఆగుతాను. నిరుద్యోగి అయిన ఆంటోనియోకు పని దొరికింది, సైకిలు ఉంటేనే పని. సైకిలు తాకట్టులో ఉంది. భార్య మంచం మీది దుప్పట్లు తీసి తాకట్టు పెట్టడానికి పట్టుకుపోతుంది. కొట్లో మనిషి ఆ దుప్పట్ల మూటను పట్టుకుని అరల మీదికి ఎక్కుతూ పోతాడు. అరల్లో నేల నుంచి కప్పు దాకా అటువంటి మూటలే. రోము నగరంలో ఎన్ని ఇళ్లల్లో మంచాలు బోసిపోయాయో ఆ ఒక్క చూపుతో తెలిసిపోతుంది. ఉపన్యాసం లేదు. పని దొరికిన ఆంటోనియో గోడకు అంటించేది కూడా ఒక సినిమా తార పోస్టరే. ఆ పోస్టరు అంటిస్తుండగానే సైకిలు పోతుంది. సినిమా తన గొంతు తానే పట్టుకున్న క్షణం అది.

కలకత్తాకు రే, ఘటక్, మృణాల్‌సేన్ దొరికారు. రే ‘మహానగర్’ (1963)లో ఆరతి ఇల్లిల్లూ తిరిగి వస్తువులు అమ్మే ఉద్యోగంలో చేరినప్పుడు, ఒక ఆడమనిషి జీతం ఇంటి లోపలి అధికారాన్ని ఎట్లా కదిలిస్తుందో చూశాం. సేన్ ‘ఇంటర్వ్యూ’ (1971)లో ఉద్యోగం కోసం ఒక సూటు వెతుక్కుంటూ పోయే యువకుడి వెంట ఆ నగరమంతా నడిచాం. తెలుగులో ఆ పని జరగలేదనడం అన్యాయం. ‘ఆకలి రాజ్యం’ (1981)లో తెలుగు నిరుద్యోగి ఢిల్లీ వీధుల్లో శ్రీశ్రీని తలుచుకుంటూ తిరిగాడు. బి. నర్సింగరావు ‘రంగుల కల’ (1983)లో హైదరాబాదును ఒక చిత్రకారుడి కళ్లతో చూపించాడు. ఆయనే ‘మట్టి మనుషులు’ (1990)లో ఆ నగరంలో మేడలు కట్టే వలసకూలీలను చూపించాడు. కాని ఇవన్నీ మహానగరాలు. జిల్లా స్థాయి పట్టణం సంగతి ఏమిటి? కాలువ, మిల్లు, కోర్టు, కాలేజీ, బస్టాండు, సంత ఉన్న ఊరు. పల్లె అందామంటే వీలుకాదు, నగరమనడానికీ మనసొప్పదు. తెలుగువాళ్లలో లెక్కకు మించినవాళ్లు బతికేది అట్లాంటి ఊళ్లలోనే.

ఒక్క పాత ఉదాహరణ ఉంది. తాడిపత్రి మనిషి కె.వి. రెడ్డి 1954లో తీసిన ‘పెద్దమనుషులు’. ఇబ్సెన్ నాటకం ఆధారంగా అల్లిన ఆ కథలో మునిసిపల్ ఛైర్మన్ ఉన్నాడు, పత్రికాధిపతి ఉన్నాడు, ఊరి సొమ్ము తిని ఊరికి నీతులు చెప్పే పెద్దమనుషుల ముఠా ఉంది. సెట్టింగుల్లో తీసినా, బయటి వీధి పెద్దగా కనిపించకపోయినా, పట్టణంలో అధికారం ఏ చేతి నుంచి ఏ చేతికి మారుతుందో ఆ సినిమాకు తెలుసు. మద్రాసులో వాహినీ, విజయా స్టూడియోల వెనక రాయలసీమ మనుషులే ఉన్నారు. అయినా ఆ స్టూడియోల్లోకి రాయలసీమ ఊళ్లు రాలేదు. కనుక తప్పంతా ఒక ప్రాంతం వాళ్లది అనే వాదన నాకు రుచించదు. పెట్టుబడికి ఏది అమ్ముడుపోతుందో అదే దాని ప్రాంతం.

నలభై ఏళ్లు రానిది 1997 తరువాత వరదలా వచ్చింది. ‘ప్రేమించుకుందాం రా’ (1997), ‘సమరసింహారెడ్డి’ (1999), ‘నరసింహనాయుడు’ (2001), ‘ఇంద్ర’ (2002), ‘ఒక్కడు’ (2003). వీటి కథలు మనకందరికీ కంఠతా వచ్చు. నేను అడిగేది వీటిలో ఊరు ఎక్కడుంది అని. ‘ప్రేమించుకుందాం రా’లో, ‘ఒక్కడు’లో ఒక యువకుడు హైదరాబాదు నుంచి కర్నూలు వస్తాడు. ఒక అమ్మాయిని చూస్తాడు. ఆ అమ్మాయిని ఈ ఊరి నుంచి రక్షించడమే కథ. కెమెరా అతనితోపాటే బస్సు దిగుతుంది, అతనితోపాటే పారిపోతుంది. ఊరంటే తప్పించుకోవలసిన చోటు. ‘ఒక్కడు’లో కొండారెడ్డి బురుజు నిజమైనదే కనిపిస్తుంది, కాని ఆ బురుజు చుట్టూ తోపుడుబండ్లు, కూరగాయల గంపలు పెట్టుకున్న మనుషులు వీరుడు కొట్టే దెబ్బకు ఎగిరి పడడానికి తప్ప ఎందుకూ పనికిరారు. అదే సినిమాకు హైదరాబాదులో చార్మినారు నిలబడే ఉండగా ఇంకో చార్మినారు సెట్టు వేశారు. ఊరు ఉన్నా దాని బొమ్మే కావాలి వాళ్లకు.

ముఠాకక్షలు అబద్ధమని నేను అనడం లేదు. అట్లా అనడం చచ్చిపోయినవాళ్లను అవమానించడం. ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల ప్రాంతాల పల్లెల్లో కక్షల్లో మగవాళ్లను పోగొట్టుకుని, కూలికి పోయి పిల్లలను పెంచిన ఆడవాళ్లు ఉన్నారు. నా అభ్యంతరం వేరు. సినిమా ఈ హింసకు కారణం రక్తంలో ఉందంటుంది; పాలెగాళ్ల వారసత్వమంటుంది, పౌరుషమంటుంది. బాలగోపాల్ వంటివాళ్లు ఈ రాజకీయాల గురించి రాసినప్పుడు పౌరుషం దగ్గర ఆగలేదు. సారా వేలం, రోడ్డు కాంట్రాక్టు, గనులు, పంచాయతీ పదవి, వీటి మీద పట్టుకోసం మనుషులను ఎట్లా పోగుచేస్తారో, పోగుచేసినవాళ్లను ఎట్లా ఖర్చు చేస్తారో చూశారు. చచ్చేది అనుచరుడు. టెండరు దక్కేది నాయకుడికి. తెలుగు సినిమాలో ఆ టెండరు ఫారం ఒక్కసారి కూడా దగ్గరగా కనిపించదు. వేటకొడవలి మాత్రం తెర నిండా కనిపిస్తుంది.

ఇక్కడ ఫ్రాంచెస్కో రోసీని తలుచుకోవాలి. ఇటలీలో సిసిలీ ద్వీపానికి కూడా మన సీమలాగే కత్తీ తుపాకుల పేరు పడింది. 1950లో సాల్వతోరే జూలియానో అనే బందిపోటు చచ్చిపోయాడు. అతని మీద 1962లో రోసీ తీసిన చిత్రం శవంతో మొదలవుతుంది. ఆ తరువాత సినిమా అంతటా జూలియానో ముఖం సరిగా చూపించడు. దూరంగా కొండమీద తెల్లకోటు కనిపిస్తుంది, అంతే. మరి ఎవరిని చూపిస్తాడు? మోంతెలెప్రె ఊరిని. అతను తిరిగిన ఆ ఊళ్లోనే, చాలావరకు అక్కడి జనంతోనే తీశాడు. సైనికులు మగవాళ్లను పట్టుకుపోతుంటే ఇరుకు సందుల్లోంచి ఆడవాళ్లు పోటెత్తి వచ్చే దృశ్యం చూడాలి. 1947 మే డే నాడు పోర్తెల్లా దెల్లా జినెస్త్రాలో పండుగ చేసుకుంటున్న రైతుకూలీల మీద జూలియానో ముఠా కాల్పులు జరిపి 11 మందిని చంపింది. రోసీ కెమెరా అప్పుడు తుపాకి దగ్గర లేదు. జెండాలు పట్టుకుని వచ్చిన జనం మధ్య ఉంది. కొండమీదనుంచి గుండ్లు వస్తున్నాయి, ఎవరు కాలుస్తున్నారో తెలియదు. తెలియనీయకపోవడమే ఆ సినిమా అడిగే ప్రశ్న: బందిపోటును ఎవరు వాడుకున్నారు? భూస్వాములా, మాఫియానా, పోలీసులా, రాజకీయ నాయకులా? మన దర్శకుడి చేతికి ఇదే కథ ఇస్తే జూలియానోకు ఒక పరిచయ గీతం, కాల్పులకు ముందు ఒక డైలాగు ఉండేవి.

మరుసటి ఏడు రోసీ ‘హ్యాండ్స్ ఓవర్ ది సిటీ’ (1963) తీశాడు. నేపుల్స్‌లో పేదల ఇల్లు ఒకటి కూలుతుంది. పక్కన కొత్త కట్టడం వేస్తున్న కాంట్రాక్టరే నగరపాలక సభ్యుడు. విచారణ జరుగుతుంది, కాగితాలన్నీ సక్రమంగానే ఉంటాయి, అతను ఇంకో పార్టీలో చేరి ఇంకా పైకి పోతాడు. ఆ సభలో అతన్ని ఎదిరించే వామపక్ష సభ్యుడి పాత్రను నిజజీవితంలోనూ ఆ నగర కమ్యూనిస్టు సభ్యుడే అయిన కార్లో ఫెర్మారియెల్లో వేశాడు. కత్తి లేదు, బాంబు లేదు. అంతకంటే భయంకరమైన సినిమాను నేను ఎక్కువగా చూడలేదు. మన పట్టణాల్లో ఏ పౌరుణ్ణి అడిగినా ఆ కథ నాలుగుసార్లు చెప్పగలడు. సినిమా కథకులకే అది దొరకదు.

శిరివెళ్ల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే దారిలో ఉన్న ఊరు. నటుడు జయప్రకాశ్‌రెడ్డి పుట్టింది అక్కడ. లెక్కల పంతులుగా పనిచేశాడు, రంగస్థలం మీద పండినవాడు. ‘అలెగ్జాండర్’ అనే ఏకపాత్ర నాటకాన్ని ఒంటరిగా నడిపించగలిగినవాడు. 2020లో ఆయన చనిపోయినప్పుడు అందరూ ‘ప్రేమించుకుందాం రా’నూ, ‘సమరసింహారెడ్డి’నీ తలుచుకున్నారు. తెలుగు తెరమీద సీమ మాటకు ఆయన గొంతు ఒక ప్రాణం పోసింది. నిజమే. కాని ఆ మాట ఎవరికి ఇచ్చారు? ప్రతినాయకుడికి. వీరుడు సీమవాడే అయినా చాలాసార్లు పత్రికల తెలుగు మాట్లాడతాడు. నరికేవాడు, నవ్వించేవాడు మాత్రం ‘ఏమిరా’ అంటాడు. ఒక ప్రాంతం మాట తెరమీదికి రావడానికి దశాబ్దాలు పట్టి, వచ్చినప్పుడు చేతిలో కత్తి పెట్టుకుని రావలసి వచ్చింది. ఆ మాటలోనే బిడ్డకు అన్నం పెట్టే తల్లి ఉంది, ధర దగ్గర గీచిగీచి బేరమాడే రైతు ఉన్నాడు, లెక్కల పంతులూ ఉన్నాడు. ఆయన ఆ పంతులుగా ఎందుకు నటించలేకపోయాడో పరిశ్రమే చెప్పాలి.

ఆడవాళ్లయితే మరీ అన్యాయం. నాట్లు వేసేవాళ్లు, పత్తి తీసేవాళ్లు, మిరపకాయలు ఏరేవాళ్లు, మధ్యాహ్నం సద్దిమూట విప్పుకునేవాళ్లు ఎవరూ లేరు. గడపలో హారతిపళ్లెం, శవం పక్కన పగిలిన గాజులు, రెండే భంగిమలు. కృష్ణవంశీ ‘అంతఃపురం’ (1998) బయటినుంచి వచ్చిన కోడలి భయాన్ని పట్టుకుంది. ‘అరవింద సమేత’ (2018) పగ ఆగాలంటే ఆడవాళ్ల మాట వినాలని అన్నది. అన్నది కాని, వినేముందు గంటసేపు నరికింది. వీటికంటే ‘మర్యాద రామన్న’ (2010) నాకు నయమనిపించింది. బస్టర్ కీటన్ 1923 నాటి మూగచిత్రం నుంచి తెచ్చుకున్న కథ. పౌరుషాన్ని చూసి నవ్వింది, కనీసం దండ వేయలేదు.

రానివ్వని కథల్లో ఒకటి చెప్తాను. శ్రీశైలం జలాశయం కింద వందకు పైగా గ్రామాలు మునిగాయి. 1981లో జనాన్ని బలవంతంగా ఖాళీ చేయించారు, ఇళ్లు కూలగొట్టారు. తుంగభద్ర, కృష్ణ ఒడ్డున మంచి పంటభూములు పండించినవాళ్లు ఆత్మకూరు, నందికొట్కూరు వంటి చోట్లకు చెల్లాచెదురై కూలీలయ్యారు. చైనా దర్శకుడు జియా జాంగ్‌కే ‘స్టిల్ లైఫ్’ (2006) చూసినప్పుడల్లా నాకు వాళ్లు గుర్తుకొస్తారు. మూడు కనుమల ఆనకట్ట కింద ఫెంగ్జీ పట్టణం మునిగిపోతోంది. బొగ్గుగని కార్మికుడొకడు చాలాకాలం కింద విడిపోయిన భార్యను వెతుక్కుంటూ వస్తాడు. చేతిలో చిరునామా కాగితం ఉంది. ఆ చిరునామా నీళ్ల కింద ఉంది. ఊరు కూలగొట్టే కూలీలతో కలిసి సుత్తె పట్టుకుని, కూలి తీసుకుంటూ వెతుకుతాడు. జియా కూడా ఫెన్‌యాంగ్ అనే చిన్న పట్టణం మనిషే. మొదటి చిత్రాల్లో తన ఊరినే తీశాడు, జేబుదొంగనూ, పాటలు పాడుతూ తిరిగే బృందాన్నీ. చిన్న ఊరు ప్రపంచానికి పనికిరాదని అతనికి ఎవరూ చెప్పలేదో, చెప్పినా వినలేదో.

మనవాళ్లకూ చేతనవుతుందనడానికి ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) ఉంది. విశాఖలోని ఆ పేటలో, చాలావరకు ఆ పేట మనుషులతోనే తీశారు. అట్లా అని దాన్ని ఆకాశానికెత్తను. కథ చివర ముడి వేసిన తీరు మీద నాకు అభ్యంతరాలున్నాయి. కాని గడప ముందు కూర్చుని మాట్లాడుకునే మనుషులను అది చూసింది. నంద్యాల ఇంకా ఆ కన్ను కోసం ఎదురుచూస్తోంది. ఆళ్లగడ్డలో శిల్పులు ఉన్నారు. రోడ్డు పక్కన కొట్టాల్లో రోజంతా ఉలి చప్పుడు, రాతిదుమ్ము, సగం పూర్తయిన నరసింహస్వామి, పక్కనే సగం పూర్తయిన నాయకుడు. దేవుడికీ నాయకుడికీ ఒకే రాయి, ఒకే కూలి. ఆ శిల్పకళకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆళ్లగడ్డ పేరు పలికే ఏ సినిమాలోనూ ఆ చప్పుడు నేను వినలేదు.

మరొక సంగతి. సీమ మీద ఎన్ని సినిమాలు తీసినా పరిశ్రమకు గుర్తురానిది. కంపెనీ దొరలకు నిజాం రాసిచ్చిన జిల్లాలు కనుక వీటిని దత్తమండలాలు అనేవారు. దానమిచ్చిన సొమ్ములాంటి ఆ పేరు మాకొద్దని, రాయలసీమ అని పిలుచుకోవాలని 1928 నవంబరులో ఒక సభ తీర్మానించింది. ఆ సభ జరిగింది నంద్యాలలో. ఆత్మగౌరవం కోసం ఈ ఊళ్లో పెట్టుకున్న పేరు ఇవాళ హైదరాబాదులో అద్దె గది అడగబోయిన విద్యార్థికి అడ్డుపడుతోంది. ‘సీమవాళ్లా?’ అని ఇంటివాళ్లు నవ్వుతూనే అడుగుతారు. ఆ నవ్వు ఏ థియేటర్లో నేర్చుకున్నారో మనకు తెలుసు.

సినిమాను తిట్టి ఊరుకుంటే మన పని తేలికవుతుంది. కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ వంటివాళ్లు కరువునూ, అప్పునూ, రైతునూ కథల్లో నిలబెట్టారు. చిలుకూరి దేవపుత్ర ఊరి చివర ఇళ్లను నవలలోకి తెచ్చాడు. పట్టణం మాత్రం మన కథల్లోనూ ఇంకా పలచగానే ఉంది. 2022లో నంద్యాల జిల్లా కేంద్రమైంది. పొలాలు ప్లాట్లవుతున్నాయి, ఎకరం ధర అడిగితే చెప్పేవాడికే నోరు తడారిపోతోంది. కాలువ చివరి రైతుకు నీళ్లు అందుతాయో లేదో తెలియదు. రాయడానికి ఇంత ఉండగా నాలుగు జీపులు ఎందుకు వస్తున్నాయని మనల్ని మనం అడగాలి.

హమాలీ కొడుకు కథను బహుమతికి పంపలేదు, తిప్పీ పంపలేదు. మళ్లీ రాయమన్నాను. మీ నాయన యార్డులో రోజుకు ఎన్ని బస్తాలు మోస్తాడు, బస్తాకు ఎంత ఇస్తారు, ఎవరిస్తారు, అడిగి రాయమన్నాను. వారం తరువాత ఫోను చేశాడు. ‘నాయన చెప్పనంటాండాడు సార్. ఇదేం కథ, ఎవురు సదువుతారు అంటాండాడు’ అన్నాడు. ఆ మాటే మొదటి వాక్యంగా పెట్టమన్నాను. ఇంకా రాసి పంపలేదు. కోతలు మొదలయ్యాయి, యార్డులో పని ఎక్కువగా ఉంటుంది.